జెర్రిపోతు పిల్లకు అజీర్తి

నేను నాగుపామును పెంచాను. మిర్యాలగూడలో, మా రైసు మిల్లులో, చేత్తో తినిపించి పెంచాను. అది ఐదడుగులు పెరిగింది. ఈల వేస్తే పడగ విప్పుకుని వచ్చేది. ఈ మాట నేను పెళ్లి విందుల్లో చెప్పాను, బస్సుల్లో చెప్పాను, పళ్ల డాక్టరు దగ్గర వరసలో కూర్చున్నప్పుడు పక్కవాళ్ల నొప్పి మరిపించడానికి చెప్పాను. విన్నవాళ్లలో ఒకరిద్దరు చేతులు జోడించారు. అది నాకా, పాముకా అని నేను అడగలేదు.

ఇప్పుడు కాగితం మీద పెట్టాల్సి వచ్చేసరికి కలం మొరాయిస్తోంది. సరే. అది నాగుపాము కాదు, జెర్రిపోతు. విషం లేదు, పడగ లేదు. ఐదడుగులు కాదు, మూరెడు కూడా లేదు. లావు చిటికెన వేలంత. ఈల వేస్తే రాలేదు. పాములకు బయటికి చెవులే ఉండవని చాలా ఆలస్యంగా తెలిసింది. ఆ చలికాలమంతా నేను ఎవరికోసం ఈల వేశానో తలచుకుంటే ఇప్పుడు మూతి నొప్పి పుడుతుంది. అయినా పెంచిన మాట నిజం. దాని కడుపు బాగుచేయడానికి ఇంటిల్లిపాదీ చేసిన ఘనకార్యాలూ నిజం. వాటిని మాత్రం పెంచి చెప్పే అవసరం లేదు, ఉన్నవే ఎక్కువ.

మాది సూర్యాపేట. అక్కడ ధాన్యం దుకాణం. సాగర్ ఎడమ కాలువలోకి నీళ్లు వచ్చాక మిర్యాలగూడ చుట్టుపక్కల జొన్న చేలన్నీ వరి మళ్లయ్యాయి. మా నాయన దుకాణాన్ని తమ్ముడికి అప్పగించి మిర్యాలగూడలో మిల్లు పెట్టాడు. నీళ్ల వెంట వడ్లు వచ్చాయి, వడ్ల వెంట ఎలుకలు వచ్చాయి, ఎలుకల వెంట పాములు వచ్చాయి. ఆ వరసలో అందరికంటే చివర మేము వచ్చాం. ముందొచ్చిన వాళ్లెవరూ మాకోసం జరిగి చోటివ్వలేదు.

ఆ ఏడు వానలు వెనకబట్టే రోజుల్లో గోదాములో బస్తాలు కదిలిస్తుంటే మనిషి పొడవు జెర్రిపోతు ఒకటి బయటపడింది. హమాలీలు దాన్ని కొట్టి చంపారు. సరిగ్గా అప్పుడే నా భార్య మా నాయనకు అన్నం క్యారియరు పట్టుకుని గోదాము గుమ్మంలోకి వచ్చింది. ఆమెకు అప్పుడు రెండో నెల. అంతకుముందు ఒకసారి కడుపు నిలవలేదు. ఆ సంగతి ఇంట్లో ఎవరం పైకి మాట్లాడేవాళ్లం కాదు. మాట్లాడకపోవడంతోనే అది ఇల్లంతా తిరుగుతుండేది.

కొద్ది రోజులకు ఆ బస్తాల వెనక ఊకలో గుడ్డు పెంకులు కనబడ్డాయి. పక్కనే ఒక పిల్ల. చచ్చిన పాము దీని తల్లేనని అందరూ ఒక్క మాట మీద తేల్చేశారు, దగ్గరుండి పురుడు పోసినట్టు.

మా బాపమ్మ, అంటే మా నాయన తల్లి, ఆ పిల్లను చాటలో పెట్టించుకుని చూసింది. చూసి తీర్పు చెప్పింది.

“తల్లిని సంపుకున్నరు. గీ పిల్లనన్న కాపాడుకోండ్రి. కోడలు పిల్లను కని లేచేదాక ఇది బతికుండాలె. దీనికేమన్న అయిందో, దోషం ఎవ్వలకు తగుల్తదో నేను నోటితోని చెప్ప.”

“అమ్మా, అది నాగుపాము కాదే. జెర్రిపోతు,” అన్నాడు నాయన.

“దోషానికి కులం గోత్రం సూస్తరారా?”

నాకు నవ్వొచ్చింది. పక్కకు తిరిగి చూస్తే నా భార్య నవ్వడం లేదు. ఆమెది కోదాడ. మాటలో కృష్ణ అవతలి గాలి ఉంటుంది. సాయంత్రం బట్టలు మడతపెడుతూ, నా వైపు చూడకుండానే అడిగింది.

“అది బతుకుద్దా అండీ?”

“నేను లేనా,” అన్నాను.

అప్పటికి నేను బతికించిన ప్రాణి ఒక్కటీ లేదు. చిన్నప్పుడు పెంచిన చిలక కూడా పంజరం తలుపు తెరుచుకోగానే వేరే ఇల్లు చూసుకుంది.

పాముకు ఏం పెట్టాలన్నది మా ఇంట్లో సమస్యే కాలేదు. ఏకాదశికి ఉల్లిపాయ కూడా గుమ్మం దాటని ఇల్లు మాది. పాము అంటే పాలు. దానికి వేరే ఆలోచన ఎందుకు? నాగుల చవితికి ఊళ్లో వాళ్లందరూ పుట్టలో పోసి వస్తారు, పాము తాగిందో లేదో తిరిగి చూసేవాళ్లు లేరు. మాకు మాత్రం పాము చేతికే చిక్కింది కనుక దగ్గరుండి తాగించే భాగ్యం దక్కింది. నేను పసివాడిగా ఉన్నప్పటి వెండి ఉగ్గుగిన్నె పెట్టెలోంచి బయటికొచ్చింది. బాపమ్మ దూదివత్తిని పాలలో ముంచి దాని నోటికి అందించింది. పాము నోరు బిగించింది. బాపమ్మ ఇంతమంది పిల్లలను పెంచిన మనిషి, నోరు బిగిస్తే ఊరుకుంటుందా? చీపురుపుల్లతో సందు చేసి పోసింది.

ఆ పాలు మర్నాటికి సగం వచ్చిన దారినే వెనక్కి వచ్చాయి, సగం రెండో దారిన వచ్చాయి. ఆ వాసనకు మా నాయన అన్నం పళ్లెం తీసుకుని వీధి అరుగు మీదికి వెళ్లి కూర్చున్నాడు.

“పచ్చిపాలు పడలే. కాచి పొయ్యాలె,” అంది బాపమ్మ.

కాచి పోశాం. బెల్లం కలిపి పోశాం. ఫలితంలో తేడా రాలేదు, వాసనలో కొంచెం వచ్చింది. అదే రోజుల్లో నా భార్యకూ ఏం తిన్నా కడుపులో నిలిచేది కాదు. బాపమ్మకు పని సులువైంది. ఒకే గిన్నెలో వాము కాచేది. సగం గ్లాసులోకి, సగం ఉగ్గుగిన్నెలోకి. గ్లాసు కోడలికి, గిన్నె పాముకు. ఇద్దరూ కక్కేవాళ్లు. బాపమ్మ ఇద్దరినీ ఒకే రకంగా కోప్పడేది.

“జర మింగి ఊకోరాదు? నేను గిన్నిసార్ల కాస్తనే ఉన్న.”

చివరికి నన్ను సూర్యాపేట పంపించారు. అక్కడ మా చుట్టం ఒకాయన పశువుల వైద్యం చేసేవాడు. బర్రెకు పొట్ట ఉబ్బితే ఆయన చెయ్యి పడాల్సిందేనని పేరు. నేను సంచిలోంచి డబ్బా తీసి మూత జరిపాను. ఆయన తొంగి చూసి, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు.

“ఎన్ని పండ్లేసింది?” అన్నాడు. పశువు వయసు పళ్లను బట్టే కదా కడతారు.

“చూడలేదు.”

“సూడకుంట ఎట్ల తెచ్చినవ్? నెమరేస్తుందా?”

“పాము నెమరెయ్యదు కదా పెదనాయనా.”

“అదే మరి. నెమరెయ్యకుంటె ఎట్ల అరుగుతది?” అని ఆయన రోగం పట్టుకున్నాడు. ఆముదం రాసిచ్చాడు. “బర్రెకైతే సీసెడు. దీనికెంతనో నువ్వే సూసుకో, నువ్వు సదువుకున్నోనివి కద.”

నేను సూర్యాపేటలో మెట్రిక్ దాకా చదివాను. బర్రెలో పాము ఎన్నో వంతో కట్టే లెక్క అందులో లేదు. అందాజుగా రెండు చుక్కలు వేశాను. ఆముదం పని చెయ్యలేదని ఎవరూ అనలేరు. ఆ తర్వాత పాము తాడుముక్కలా పడుకుంది.

ఆ పూట నా భార్య డబ్బా పక్కన గోడకు ఆనుకుని చాలాసేపు కూర్చుంది. మర్నాడు కోదాడ నుంచి మా అత్తగారు వచ్చి, కూతురి మొహం చూసి, వాము నీళ్ల గ్లాసు చూసి, ఉగ్గుగిన్నె చూసి, మూడింటినీ కలిపి ఒక నిర్ణయానికొచ్చింది. పొద్దున బస్సుకే కూతుర్ని వెంటబెట్టుకుని వెళ్లిపోయింది. బస్సు కదలబోతుంటే కిటికీలోంచి నా భార్య అన్నది ఒక్కటే.

“దాన్ని చూసుకోండి.”

నన్ను నేను చూసుకోవాలని ఎవరికీ అనిపించలేదు.

అప్పుడు మా నాయనతో మాట్లాడాను. పాము మాంసం తింటుందన్న రహస్యాన్ని ఆయన చెవిలో వేశాను. ఆయన చాలాసేపు లెక్కలు చూస్తున్నట్టు నటించాడు.

“ఇంట్ల కాదు,” అన్నాడు చివరికి. “మిల్లుల. నా కండ్ల ముంగట కాదు. అమ్మకు తెల్వొద్దు.”

అట్లా పాము కాపురం మిల్లుకు మారింది. నేను రోజూ కాలువ గట్టుకు వెళ్లి కప్పలు పట్టేవాణ్ని. ఒంటి చేత్తో ఎగిరే కప్పను గాలిలోనే పట్టేవాణ్ని అని చెప్పడం నాకు అలవాటు. నిజానికి కప్పలు నన్ను చూసి పారిపోయేవి కూడా కాదు. వాటికంత భయం కలగలేదు. బురదలో బోర్లా పడి, చొక్కా కింద చిక్కినదాన్ని తెచ్చేవాణ్ని. ధాన్యం సేటు కొడుకు మొలలోతు నీళ్లలో కప్పలు పడుతుంటే ఊరు ఊరుకుంటుందా?

“ఏం సేటూ, బియ్యం మీరే పట్టిస్తరు, మీకే కొనలేనంత పిరమైనయా?” అనేవాళ్లు హమాలీలు. “మాకు జెప్తె గంపెడు తెస్తుంటిమి గద. వండుడు వస్తదా మరి?”

మొదటి చిన్న కప్పను అది మింగినప్పుడు నేను ఒక్కణ్నే ఉన్నాను. ఇంజను శబ్దంలో ఎవరినీ పిలవలేను, పిలిచినా మా ఇంట్లో ఎవరూ వచ్చి చూడరు. మెడ కింద చిన్న బుడిపె మెల్లగా కిందికి జరుగుతుంటే అట్లా చూస్తూ నిలబడ్డాను. ఆ రోజు అన్నం నాకూ సహించింది.

మిల్లుకు సెలవు అమావాస్య నాడే. హమాలీలు ఆ రోజు బస్తా ముట్టరు. అందుకని నేను భార్యను చూడ్డానికి పోవాలంటే అమావాస్యే దిక్కు. మా అత్తగారికి అమావాస్య ప్రయాణం గిట్టదు. అందులోనూ కడుపుతో ఉన్న పిల్ల దగ్గరికి.

“పున్నమికి మీ మిల్లు ఆగదా అల్లుడు గారూ?” అనేది నీళ్ల చెంబు చేతికిస్తూ. కూర్చోమనడం ఆ తర్వాత.

నా భార్య మాత్రం నన్ను చూడగానే నా ఆరోగ్యం కాకుండా పాము ఆరోగ్యం అడిగేది. అడిగేటప్పుడు చేతులు ఒళ్లో గట్టిగా పట్టుకుని ఉండేది. ఆ చేతులు చూస్తే ఉన్నది ఉన్నట్టు చెప్పబుద్ధయ్యేది కాదు.

“బ్రహ్మాండంగా ఉంది. రెండడుగులైంది,” అన్నాను మొదటి అమావాస్యకు.

“మూడు దాటింది,” అన్నాను తర్వాతి అమావాస్యకు. “పడగ లాంటిది కూడా వస్తోంది.”

“జెర్రిపోతుకా?”

“అదే మరి విచిత్రం.”

ఆమె నన్ను తేరిపార చూసింది. చేతులు మాత్రం కాస్త సడలాయి. నాకు అది చాలు. చిక్కేమిటంటే, నా మాట నిలబడాలంటే ఇక పాము పెరగాలి. నేను చిన్న కప్పలు మానేసి పెద్ద కప్పలు పట్టసాగాను. అప్పటికి పుష్యమాసం చలి. పాము ఆ కప్పను కష్టపడి మింగేది, రెండు రోజులు మోసేది, మూడో రోజు ఉన్నదున్నట్టు బయటపెట్టేది. నేను దాన్ని చేతిలోకి తీసుకుని పొట్ట నిమిరేవాణ్ని. తర్వాత ఇంకో కప్ప తెచ్చేవాణ్ని. పోయినదానికి సరిపడా పెట్టాలి కదా. మా బాపమ్మ మనవణ్ని.

మాఘం ముందు అమావాస్యకు నా భార్య అన్నది.

“ఈసారి తీసుకురండి. చూస్తాను.”

“అంత పెద్దది బస్సులో…”

“మూడడుగులేగా. తీసుకురండి.”

ఆ నెలంతా నేను పామును పెంచడానికి చేయని ప్రయత్నం లేదు. అది చిక్కిపోయింది. ప్రయాణం రోజు పొద్దున దానికి ఒక మంచి కప్పను పెట్టాను. మా ఇంటి నుంచి ఎవరూ ఖాళీ కడుపుతో ఊరికి బయల్దేరరు. అది మా మర్యాద. పెళ్లిచూపులకు వచ్చి సంబంధం వద్దన్నవాళ్లనైనా పెరుగన్నం తినకుండా బస్సెక్కనిచ్చేవాళ్లం కాదు. పాము కూడా ఎట్లాగో మింగింది. బిస్కెట్ల రేకుడబ్బాకు మేకుతో చిల్లులు పొడిచి, ఊక పరిచి, దాన్ని అందులో పెట్టి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

హుజూర్‌నగర్ దాకా బాగానే ఉంది. అక్కడి నుంచి రోడ్డు అనేది ఉండాల్సిన చోట గుంతలుండేవి. నాలుగు గుంతలు దాటాక డబ్బాలోంచి ఒక వాసన లేచింది. ముందు సీటులోని ముసలమ్మ కొంగు ముక్కుకు పెట్టుకుంది. వెనక సీటులో ఇద్దరు ఒకరినొకరు అనుమానంగా చూసుకున్నారు. కండక్టరు నా దగ్గర ఆగాడు.

“డబ్బాల ఏమున్నది?”

“చలిమిడి. అత్తగారింటికి.”

“ఎప్పుడు జేసిండ్రు?”

మిగతా దారి వెనక మెట్టు మీద నిలబడి, డబ్బాను బయటికి పట్టుకుని వచ్చాను. బస్సు బస్సంతా ఆ చలిమిడి ఎవరు తినబోతారో ఆ ఇంటి గురించి జాలిగా మాట్లాడుకున్నారు.

కోదాడలో మా అత్తగారు మూత తీసి చూసి, మెల్లగా మళ్లీ పెట్టేసింది.

“అల్లుడు గారూ, కడుపుతో ఉన్న పిల్ల దగ్గరికి పళ్లు తెస్తారు, పూలు తెస్తారు. మీరు ఇది తెచ్చారు,” అంది. లోపలికి వెళ్లిపోయింది.

నా భార్య డబ్బాను పెరట్లోకి తీసుకెళ్లింది. ఊకలో సగం కరిగిన కప్ప. దాని పక్కన చిటికెన వేలంత పాము, వెల్లకిలా కాకపోయినా దాదాపు అట్లాగే పడి ఉంది. ఆమె వంగి వేలితో దాని తోక తాకింది. అది కదిలింది. చాలా కొంచెం.

“బతికుంది,” అంది. తర్వాత నా వైపు తిరిగింది. “మూడడుగులు ఏదండీ?”

చెప్పేశాను. పొడవు, పడగ, ఈల, ఆముదం, పెద్ద కప్పలు, అన్నీ. అప్పుడే అత్తగారు గిన్నెడు పెరుగన్నం పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

“నాలుగు ముద్దలు తిను తల్లీ. పొద్దున తిన్నదీ పోయింది. దానికి సరిపడా పడాలిగా లోపల.”

నా భార్య ఆ గిన్నె చూసింది, డబ్బాలో కప్పను చూసింది, నన్ను చూసింది. ఆమెకు కోపం రావడం నేను మొదటిసారి అప్పుడు చూశాను.

“అమ్మా, నన్ను కాసేపు వదిలెయ్యి. అరగనిదాని మీద ఇంకోటి వేస్తే ఎవరికైనా ఇట్టాగే అవుద్ది. నాకు కావాల్సినప్పుడు నేనడుగుతా. అడిగేదాకా ఎవరూ గిన్నె పట్టుకుని నా వెనకాల తిరగొద్దు. దీని వెనకాల కూడా.” చివరి మాట నాకు.

నీళ్ల పొయ్యి గట్టు మీద వెచ్చగా ఉండే మూల ఒకటి ఉంది. డబ్బా కడిగి, పొడి ఊక వేసి, చిన్న మూకుడులో నీళ్లు పెట్టి ఆ మూలన ఉంచింది. గోనెపట్టా కప్పింది. తను పక్కనే పీట వేసుకుని ఆ వెచ్చదనంలో కళ్లు మూసుకుని కూర్చుంది. “ఇక ముట్టుకోకండి,” అంది. నాకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నా జీవితంలో అంత కష్టమైన వైద్యం ఇంకోటి చెయ్యలేదు. ఏమీ చెయ్యకుండా సాయంత్రం బస్సెక్కాను.

తర్వాతి అమావాస్యకు వెళ్లేసరికి అత్తగారు నన్ను కూర్చోమనడం ముందు, నీళ్లు ఇవ్వడం తర్వాత చేసింది. అంటే ఏదో బాగుపడిందన్నమాట. నా భార్య లోపల చింతకాయ తొక్కుతో వేడన్నం తింటోంది. తనే అడిగి పెట్టించుకుందట. నన్ను చూసి కంచం దాచుకోలేదు, పిలవనూ లేదు.

“అదీ తింటోంది,” అంది నోట్లో ముద్దతోనే. “మొదట ఎన్నాళ్లో ఏమీ ముట్టలేదు. నీళ్లే తాగింది. తర్వాత పెరట్లో నీళ్ల తొట్టి పక్కన డబ్బా మూత తీసి పెడితే బొటనవేలి గోరంత కప్పపిల్లను పట్టుకుంది. ఇప్పుడు దాని తిండి అదే చూసుకుంటోంది.”

“రాత్రిపూట మూత పెడుతున్నావా?”

“పెట్టట్లేదు.”

“పోతే?”

ఆమె ఇంకో ముద్ద కలుపుకుంది. ఉగాది వెళ్లిన కొద్ది రోజులకు అది పోయింది. పెరటి గోడ రాళ్ల మధ్య నుంచి తోక జారిపోవడం తను చూశానని, పిలవలేదని ఆ మరుసటి అమావాస్యకు చెప్పింది. ప్రసవానికి ఇంకా వ్యవధి ఉంది. ఆమె చేతులు చూశాను. ఒళ్లో మామూలుగా ఉన్నాయి.

“బాపమ్మకేం చెప్తాం? కనేదాకా ఉండాలంది కదా.”

“బతికుండాలంది. బతికే పోయింది. తిని మరీ పోయింది,” అంది.

నేను మిర్యాలగూడ వెళ్లి బాపమ్మకు ఇంకాస్త మెరుగ్గా చెప్పాను. పాము నా భార్య చుట్టూ ప్రదక్షిణం చేసి, పడగ విప్పి దీవించి, ఉత్తరంగా వెళ్లిపోయిందన్నాను. బాపమ్మ వత్తులు చేస్తూ అంతా విన్నది.

“జెర్రిపోతుకు పడగ ఏడికెల్లి వచ్చెరా?” అంది. “ఆ పిల్ల ఇప్పుడు తింటున్నదా లేదా, గది జెప్పు.”

“తింటోంది.”

“ఇగ చాలు.”

ఎండలు ముదిరాక ఆడపిల్ల పుట్టింది. కోదాడ వెళ్లి మొదటిసారి ఒళ్లోకి తీసుకుంటే నా చొక్కా మీద పాలు కక్కింది. ఆ పాలను చూసి నాకు పాత వైద్యమంతా ఒక్కసారి పైకి లేచింది. వాము ఎక్కడుందని వంటింట్లోకి నడిచాను. మా అత్తగారు అప్పటికే గిన్నె తీసింది. మంచం మీంచి నా భార్య నీళ్ల పొయ్యి వైపు చూపించింది. గట్టు మీద చిల్లుల రేకుడబ్బా బోర్లించి ఉంది.

“గిన్నె తెస్తే మిమ్మల్ని దానిలో పెట్టి మూతేస్తా, పడతారంటారా?” అంది.

నేను వచ్చి పిల్లను భుజాన వేసుకుని ఊరుకున్నాను. పిల్ల చిన్నగా తేన్చి నిద్రపోయింది.